ఎల్లిస్ బట్టల కొట్టు పైన రెండు గదులు

ఈ చలికాలం మొదట్లో మా అమ్మాయి మీనాకి న్యూజిలాండ్ దక్షిణాన డునెడిన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సామాను సర్దిపెట్టడానికి నేనూ ఆక్లండ్ పక్కనున్న మా టకానిని నుంచి దాంతోపాటు వెళ్ళాను. రెండో రోజు గిన్నెలూ దుప్పట్లూ కొనడానికి కారులో తిరుగుతుంటే, కొండ మీదికెక్కే ఒక వీధి మలుపులో "ఆపు" అన్న మాట నాకు తెలియకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. ఎదురుగా ఎర్ర ఇటుకల రెండంతస్తుల ఇల్లు. కింద ఇప్పుడు సైకిళ్ళు అమ్ముతున్నారు. పైన రెండు కిటికీలు, ఒకదానికి ఎవరో విద్యార్థులు తెరకి బదులు దుప్పటి కట్టుకున్నారు. నేను కారు దిగలేదు. సీట్లో కిందికి జారి, తల కిటికీ అద్దం కంటే కిందికి వచ్చేలా కూర్చున్నాను. "అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది మీనా. ఏం చెప్పను? యాభై దాటిన మనిషిని, ఈ దేశపు పాస్‌పోర్టు ఉన్నదాన్ని, పట్టపగలు ఒక సైకిళ్ళ కొట్టు ముందు దాక్కున్నాను. "పద, తర్వాత చెప్తాను" అన్నాను. దానికి తెలుగు అర్థమవుతుంది గాని చదవడం రాదు. అందుకని ఇది రాసి, ఫోనులో నేనే చదివి వినిపిద్దామని మొదలుపెట్టాను.

మేం ఫిజీ వాళ్ళం. మా నాన్న తాతగారిని విశాఖపట్నం వైపు నుంచి చెరకు నరకడానికి ఓడలో తీసుకొచ్చారు. నాందీ దగ్గర చెరకు తోటల మధ్య ఒక చిన్న బడి ఉండేది. నాన్న అందులో తెలుగు చెప్పేవాడు. నేను ఇవాళ ఈ అక్షరాలు రాయగలుగుతున్నానంటే ఆయన రేకుల కప్పు కింద సుద్దముక్కతో దిద్దించినవే. మనవాళ్ళున్న ప్రభుత్వాన్ని పడగొట్టి సైన్యం రాజ్యం లాక్కున్న ఏడాది మా ఇంటి రేకుల మీద ఒక సాయంత్రం రాళ్ళు పడ్డాయి. ఎవరు వేశారో చూడలేదు. మూడు రాళ్ళు. మూడోది పడ్డాక అవ్వ దీపం ఆర్పేసింది. అవ్వ ఆ ఊరు వదిలి రానంది. అమ్మా నాన్నా నేనూ మాత్రం చుట్టపుచూపు వీసా మీద న్యూజిలాండ్ వచ్చాం. వీసా నెలలు అయిపోయాయి. మేం వెనక్కి వెళ్ళలేదు. అంతే జరిగింది. ఆ "అంతే" అన్నది పధ్నాలుగేళ్ళ పిల్లకి ఎంత బరువో ఇప్పుడు చెప్పబోతే మాట చాలదు.

ఆక్లండ్‌లో మనవాళ్ళెక్కువ, మాటలెక్కువ, ఎవరి నోట ఏది జారుతుందో తెలీదని నాన్నకి భయం. దక్షిణాన చలి ఎక్కువ, మనుషులు తక్కువ, అక్కడ ఎవరూ అడగరని ఎవరో చెబితే డునెడిన్ వచ్చాం. ఉన్ని గోదాములో నాన్నకి బేళ్ళు మోసే పని దొరికింది. పిల్లలకి గుణింతాలు దిద్దించిన చెయ్యి గొర్రె బొచ్చు వాసన కొట్టేది. మాకు ఇల్లిచ్చినావిడ మిస్ ఎల్లిస్. డెబ్బై దాటిన ముసలావిడ. చిన్న మనిషి, నల్ల కార్డిగన్, మెడలో ఎప్పుడూ కొలిచే టేపు. కింద ఆవిడ బట్టల కొట్టు, వెనక ఆవిడ గది, పైన మేం. కాగితాలేవీ అడగలేదు. అమ్మ కుట్టుపని చూసి, "నా కళ్ళు మందగించాయి, పంట్లాం అంచులు మడిచిపెడతావా?" అని మాత్రం అడిగింది. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు. తలూపింది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. కొత్త బట్ట తాన్ల గంజి వాసన, డ్రాయర్లలో కలరా ఉండలు, బొగ్గు పొయ్యి, వాటన్నిటి మీదుగా మధ్యాహ్నం నాలుగింటికి ఏలకులు వేసి కాచిన కాఫీ. ఆ కాఫీ ఆవిడ రాగి గిన్నెలో మూడుసార్లు పొంగించి, గుక్కెడంత కప్పుల్లో పోసేది. మాకు రోజంతా నియమాలే. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ తాలింపు వెయ్యకూడదు. తలుపు మీది గంట మోగితే పైన ఉన్నవాళ్ళం ఉన్నచోటే నిలిచిపోవాలి. చెక్క నేల కదా, అడుగు వేస్తే కింద తెలుస్తుంది. అమ్మ ఒంటి కాలి మీద ఆగిపోవడం, చేతిలో సూది గాల్లో ఉండిపోవడం ఎన్నిసార్లు చూశానో. నన్ను బళ్ళో వెయ్యలేదు. బడి అంటే ఫారాలు, ఫారాలంటే సంతకాలు. నాన్న పొద్దున్నే వెళ్ళేటప్పుడు "ఎవరైనా పేరడిగితే?" అని అడిగేవాడు. "ఇంగ్లీషు రానట్టు ఉంటాను" అని నేను అప్పజెప్పాలి. పాఠాలు చెప్పిన మనిషి నాకు ఆ యేడు నేర్పిన పాఠం అది.

మిస్ ఎల్లిస్‌కి కూడా కొన్ని అలవాట్లుండేవి. అయిదింటికి కొట్టు మూసి తాళం వేశాక పిడిని మూడుసార్లు లాగి చూసేది. తలుపుకి వీపు పెట్టి ఎప్పుడూ కూర్చునేది కాదు. ఆవిడ గదిలో మంచం పక్కన తోలు పట్టీలు బిగించిన పాత పెట్టె ఉండేది. "ప్రయాణమా ఆంటీ?" అని ఒకసారి అడిగాను. "మా నాన్నది. చనిపోయేదాకా అలా సర్దే ఉంచాడు. రెండు చొక్కాలు, జపమాల, రొట్టె కోసం గుడ్డ సంచి. నేనూ తియ్యలేదు" అంది. ఊళ్ళో వాళ్ళ పేరు చెబితే పెద్ద కుటుంబం. అన్నల పిల్లలు లాయర్లు, డాక్టర్లు. ఆదివారం చర్చికి కార్లలో వచ్చేవాళ్ళు. అలాంటి ఇంట్లో మంచం పక్కన సర్దిన పెట్టె ఎందుకో నాకు అంతుపట్టలేదు.

బుధవారం మధ్యాహ్నాలు బేరాలుండవు. అప్పుడు నన్ను కిందికి రానిచ్చేది. కౌంటరు వెనక పీట మీద కూర్చుని రిబ్బన్లు చుట్టడం నా పని. చుడుతూ ఆవిడ చెప్పే కథలు వినేదాన్ని. వాళ్ళ అసలు పేరు ఎల్లిస్ కాదు. తండ్రి పేరు ఇల్యాస్. లెబనాన్ కొండల్లో ఒక పల్లె, అప్పట్లో టర్కీ సుల్తాను ఏలుబడి. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు. "మా వదినలు మేం అరబ్బులం కాదంటారు. ఇంట్లో తిట్టుకున్నా, ఏడ్చినా, దేవుణ్ణి పిలిచినా అరబ్బీలోనే. మరి ఎవరమంట?" అని నవ్వేది. పట్టుపురుగులు చచ్చిపోయి పల్లెలో తిండి కరువైతే, పందొమ్మిదేళ్ళ ఇల్యాస్, ఇంచుమించు అదే వయసున్న అతని పినతండ్రి కొడుకు యూసుఫ్, అమెరికా అనుకుని ఓడ ఎక్కారట. దిగాక వారం రోజులు ఇదే అమెరికా అనుకున్నారట. ఎవరో చెబితే తెలిసింది, వచ్చింది భూమికి ఆ చివరికని.

వీపు మీద చెక్కపెట్టె. అందులో సూదులు, దారాలు, గుండీలు, లేసు, దువ్వెనలు. బంగారం తవ్వేవాళ్ళ గుడారాలకీ, కొండల్లో గొర్రెల కాపర్ల ఇళ్ళకీ నడిచి వెళ్ళేవాళ్ళు. ఇల్యాస్‌కి వచ్చిన మొదటి ఇంగ్లీషు "ఏమన్నా కొనమ్మా". కొన్నిచోట్ల కుక్కల్ని వదిలేవాళ్ళు. కొన్నిచోట్ల మైళ్ళ దూరంలో మనిషి మొహం ఎరగని ఆడవాళ్ళు తలుపు తీసి, ఏమీ కొనకపోయినా లేసుని వేళ్ళతో తాకి చూసి, టీ ఇచ్చేవాళ్ళు. "మా నాన్న అనేవాడు, తలుపు కొట్టాక తెరుచుకునేదాకా ఉండే సమయముంది చూశావూ, నా వయసంతా అందులోనే అయిపోయిందని" అనేది మిస్ ఎల్లిస్. ఒక చలికాలం మంచులో దారి తప్పి రెండు రోజులు ఒక రాతి గోడ చాటున ఉండిపోయారు. యూసుఫ్ కాలివేళ్ళు నల్లబడి రాలిపోయాయి. ఇల్యాస్ అతన్ని, రెండు పెట్టెల్నీ మోసుకుంటూ ఊరు చేరాడు. ఆ తర్వాత గుర్రబ్బండి, బండి తర్వాత చిన్న కొట్టు, కొట్టు తర్వాత ఈ ఎర్ర ఇటుకల ఇల్లు. ఇంగ్లండు నుంచి ఉన్ని తాన్లు నేరుగా తెప్పించే స్థితికొచ్చారు. నడవలేడు గనక యూసుఫ్ కొట్లోనే ఉండి గుడ్డ కోసేవాడట. కొలవకుండా కోసినా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదట. "తర్వాత ఆయనేమయ్యాడాంటీ?" అని నేనడిగినప్పుడల్లా, "కాఫీ చల్లారిపోతోంది" అని లేచిపోయేది.

అమ్మకీ ఆవిడకీ మాట కలిసింది వంటలో. ఒకరోజు ఆవిడ మసూర్ పప్పూ బియ్యమూ కలిపి వండి, పైన ఉల్లిపాయలు నల్లగా వేయించి వేసి పైకి పంపింది. అమ్మ ఒక ముద్ద తిని, "ఇది పులగమే కదే, దీనికి వేరే దేశమెందుకు?" అంది. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి ఉడకబెట్టినవి పంపితే, అమ్మ చేమాకు చుట్టలు చేసి పంపింది. భాష లేకపోయినా ఇద్దరూ వంటింట్లో చేతులు తిప్పుతూ గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఆ వంటింట్లో ఒక్కచోటే అమ్మ భుజాలు కాస్త కిందికి దిగేవి.

వాళ్ళొచ్చింది ఒక బుధవారమే. బయట సన్నగా వాన. నేను పీట మీద నీలం రిబ్బను చుడుతున్నాను. గంట మోగింది. కోటు వేసుకుని ఫైలు పట్టుకున్న మనిషి ఒకడు, వెనక టోపీ చంకన పెట్టుకున్న కానిస్టేబులు. దాక్కునే వేళ దాటిపోయింది.

"మిస్ ఎల్లిస్ మీరేనా?" అన్నాడు ఫైలు మనిషి.

"నేనే."

"పైన ఎవరైనా అద్దెకుంటున్నారా? ఒక ఫిజీ కుటుంబం గురించి మాకు సమాచారం వచ్చింది."

"పై గదులు మా ఇంటివాళ్ళవి" అందావిడ. గొంతు మామూలుగానే ఉంది. టేపు మాత్రం వేళ్ళ చుట్టూ బిగించుకుంటోంది.

"మరి ఈ అమ్మాయి?"

ఆదివారాలు చర్చి మానని మనిషి, గుడ్డలో ఒక పోగు తక్కువున్నా తానే చెప్పి అమ్మే మనిషి, నా వైపు ఒక్కసారి చూసి, "యూసుఫ్ బాబాయి మనవరాలు. మా ఊరి నుంచి వచ్చింది. ఇంకా ఇంగ్లీషు రాదు" అంది.

అతను వంగి, నెమ్మదిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, "నీ పేరేంటి?" అని అడిగాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అందుకే ఇంకా ఎక్కువ భయమేసింది. అప్పుడు మిస్ ఎల్లిస్ నా వైపు తిరిగి అరబ్బీలో ఏదో గడగడా అంది. అందులో నాకు తెలిసింది ఒక్కటే మాట, బింతీ, అంటే అమ్మాయీ అని. చివర ప్రశ్న అడిగినట్టు ఆగింది. జవాబు చెప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి. నా నోట్లోంచి తెలుగు వచ్చింది.

"నాకు భయంగా ఉంది. అమ్మ పైనే ఉంది. మంచం కింద ఉంది. నాన్న గోదాముకెళ్ళాడు. చీకటి పడ్డాక వస్తాడు."

ఒక్క గుక్కలో అన్నీ చెప్పేశాను. ఏ ఒక్కటీ దాచలేదు. పేరు తప్ప. తెలుగు తెలిసిన మనిషి ఒక్కరున్నా ఆ గదిలో మా బతుకు అక్కడితో సరి. చెప్పాక నోరు రెండు చేతుల్తో మూసుకున్నాను.

"ఏమంటోంది?" అన్నాడు ఫైలు మనిషి.

"వాళ్ళమ్మ గుర్తొస్తోందట" అంది మిస్ ఎల్లిస్.

కానిస్టేబులు అంతసేపూ తాన్ల వైపు చూస్తున్నాడు. "మా అమ్మమ్మ పెళ్ళిగౌను గుడ్డ మీ నాన్నగారి దగ్గరే కొన్నదట. ఇప్పటికీ చెబుతుంది" అన్నాడు. ఆవిడ తలూపింది. ఫైలు మనిషి మెట్ల వైపు ఓసారి చూశాడు. తర్వాత ఆ అద్దాల బీరువాలు, తెల్లని పలక మీద బంగారు రంగు అక్షరాల్లో రాసిన ఆ ఇంటి పేరు, వాటి మధ్య నిలబడ్డ ముసలావిడ, అన్నీ చూసుకున్నాడు. ఏమనుకున్నాడో. "అవసరమైతే మళ్ళీ వస్తాం" అని ఫైలు మూశాడు. గంట మోగింది. వెళ్ళిపోయారు.

ఆవిడ తలుపుకి తాళం వేసింది. మూడు గంటలకి ఆ కొట్టు మూతపడటం నేను చూడటం అదే మొదలు. ఎప్పుడూ కొనేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. అమ్మ పైనుంచి గోడ పట్టుకుని దిగొచ్చింది. జుట్టు నిండా మంచం కింది దుమ్ము. "ఏం చెప్పావే వాళ్ళకి?" అంది నన్ను. "ఏమీ చెప్పలేదమ్మా" అన్నాను. అమ్మ పోయేదాకా ఆ జవాబు మార్చలేదు. నేనేం వాగానో మిస్ ఎల్లిస్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళే, ఇక్కడే రాస్తున్నాను.

అప్పుడు ఆవిడ యూసుఫ్ సంగతి చెప్పింది. అమ్మకి నేను తెలుగులో చెబుతూ పోయాను. మొదటి పెద్ద యుద్ధం వచ్చినప్పుడు వీళ్ళు టర్కీ సుల్తాను ప్రజలు కాబట్టి శత్రువుల కింద లెక్క కట్టారట. కాళ్ళరిగేలా తిరిగి ఆ ప్రాంతమంతటికీ గుండీలు అమ్మినవాళ్ళు, ఊరు దాటాలంటే పోలీసులకి చెప్పి వెళ్ళాలి. నిన్నటిదాకా "గుడ్ మార్నింగ్" అన్నవాళ్ళు వీధి దాటి అటు పక్కగా నడిచేవాళ్ళు. కొట్టు పలక మీద అప్పటికి రెండు పేర్లుండేవి, ఇల్యాస్, యూసుఫ్ అని. యూసుఫ్‌కి ఊరి నుంచి అరబ్బీలో ఉత్తరాలు వస్తాయని ఎవరో చెప్పారు. ఒకరోజు పొద్దున పోలీసులు వచ్చారు. ఇల్యాస్ కౌంటరు దగ్గర నిలబడి, అతనెక్కడున్నాడో తెలీదన్నట్టు మాట్లాడకుండా ఉన్నాడు.

"నాకు ఆరేళ్ళు" అంది మిస్ ఎల్లిస్. "బళ్ళో అప్పుడే ఇంగ్లీషు వస్తోంది. అందరికీ వినిపించాలని ఆత్రం. యూసుఫ్ బాబాయి పైన తన గదిలో ఉన్నాడండీ అని పూర్తి వాక్యం చెప్పాను. టీచరు అలా చెప్పమనేది, పూర్తి వాక్యం."

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అప్పుడు మా నాన్న ముందు ఒక కాగితం పెట్టారు. ఇతని గురించి నేను హామీ ఇవ్వలేనని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే తననీ తీసుకెళ్తారు, కొట్టు పోతుంది, మేం ఆరుగురు పిల్లలం. పెట్టాడు. మా నాన్న చెడ్డవాడు కాదు. మంచులో ఆయన్ని వీపున మోసుకొచ్చినవాడే. ఆ రోజు మాత్రం భయపడ్డాడు. యూసుఫ్ బాబాయి మెట్లు మెల్లగా దిగాడు, వేళ్ళు లేవు కదా. నా పక్కన ఆగి తల నిమిరి, నీ ఇంగ్లీషు చాలా బాగుందమ్మా అన్నాడు."

వెల్లింగ్టన్ రేవులో ఒక దీవిలో పెట్టారట ఆయన్ని. యుద్ధం అయ్యాక వదిలారు. ఒకసారి వచ్చి, కొట్టుకి ఎదురుగా వీధి అవతల నిలబడి, పలక మీద ఒక్క పేరే ఉండటం చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. ఇల్యాస్ గాజు తలుపు లోపల నిలబడి చూశాడు. తెరవలేదు. ఆ తర్వాతే కొట్టు పెరిగింది, పేరు పెరిగింది, కొడుకులు చదువుకున్నారు. ఆ పెట్టె మాత్రం మంచం పక్కన అలా సర్దే ఉంది.

ఆ రాత్రికే ఆక్లండ్ పారిపోదామన్నాడు నాన్న. మిస్ ఎల్లిస్ ఒప్పుకోలేదు. "ఇవాళ నేను అబద్ధమాడాను. అది వారం నిలబడుతుంది. ఆ తర్వాత మీరు ఇంకో ఇంటి మంచం కింద ఉంటారు. నేను వస్తాను, పదండి" అంది. శుక్రవారం పొద్దున నల్ల టోపీ పెట్టుకుని, నాన్నని వెంటబెట్టుకుని తనే ఆ ఆఫీసుకి నడిచింది. నాన్న రెండు చొక్కాలు సంచిలో పెట్టుకుని వెళ్ళాడు, తిరిగి పంపరనే అనుకుని. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఆ వీధినే చూస్తూ ఉంది, పొయ్యి వెలిగించలేదు. అక్కడ ఆవిడ ఆ ఫైలు మనిషితో, "మొన్న మీతో అబద్ధం చెప్పాను. ఆ పిల్ల మా బంధువు కాదు. వీళ్ళు ఫిజీ నుంచి వచ్చారు. వీళ్ళకి నేను హామీ ఉంటాను, కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను" అందట. నాన్న ఈ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ ఎలా నిలబడిందో నిలబడి చూపించేవాడు.

అంత తేలిగ్గా తేలలేదు. ఆవిడ అన్న కొడుకు ఒకడు లాయరు. అతను వచ్చి, కుటుంబం పరువు తీస్తున్నావని కొట్లో అరిచాడు. ఆవిడ అరవలేదు. ఈ ఇంటి పలక మీది రెండో పేరు ఎలా పోయిందో అతనికి తెలీదు, తండ్రి చెప్పలేదు. ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి చెప్పింది. తర్వాత మా అర్జీలన్నీ రాసింది అతనే. తొమ్మిది నెలలు. పోస్టుమాను వచ్చిన ప్రతిరోజూ అమ్మ పూజ మధ్యలో ఆగిపోయేది. ఒక సోమవారం ఉత్తరం వచ్చింది. ఉండొచ్చన్నారు. నాన్న చదివి, మళ్ళీ చదివి, బల్ల మీద పెట్టి వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు సాయంత్రం దాకా నిద్రపోయాడు. మేం సంతోషపడ్డామని అందరూ అనుకుంటారు. సంతోషం వచ్చింది గాని చాలా నెలల తర్వాత. ముందు వచ్చింది జ్వరం, ముగ్గురికీ.

మిస్ ఎల్లిస్ నేను కాలేజీలో ఉండగా పోయింది. మేం ఉత్తరానికి వచ్చేశాం. పెళ్ళి, ఉద్యోగం, టకానినిలో కొత్తగా వేసిన వీధిలో ఇల్లు. మా చుట్టూ ఇప్పుడు మనవాళ్ళే. గుంటూరు, కడప, ఏలూరు. శనివారం ఒకళ్ళింట్లో పులిహోర, ఇంకొకళ్ళింట్లో బిర్యానీ. కాఫీ తాగుతూ ఇంటి రేట్ల గురించీ, వీసాల గురించీ మాట్లాడుకుంటాం. "రూల్స్ ప్రకారం రానివాళ్ళని పంపించెయ్యాలి, వాళ్ళవల్ల మనకి చెడ్డపేరు" అని ఎవరైనా అంటే నేను పళ్ళెంలోకి చూస్తూ ఊరుకుంటాను. ఇన్నేళ్ళూ ఊరుకున్నాను.

డునెడిన్ నుంచి తిరిగొచ్చిన వారానికి హారిక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నరసరావుపేట పిల్ల, మీనా కంటే చిన్నది. ఎవరో ఏజెంటు ఉద్యోగమని తీసుకొచ్చాడు, వచ్చాక ఉద్యోగం లేదు, వీసా ఇంకో పదకొండు రోజుల్లో అయిపోతుంది. గుళ్ళో ఎవరో నా పేరు చెప్పారట. "ఒక గది ఉంటే చాలు ఆంటీ. లాయరు దగ్గరికి తోడు వస్తే చాలు. నాకు మాట్లాడాలంటే భయం" అంది. గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు నేను. వెనక హాల్లోంచి మా ఆయన, "మనకెందుకొచ్చిన గొడవ" అని నెమ్మదిగా అన్నాడు. ఆ మాట తప్పని నాకు అనిపించలేదు. నాలోపల కూడా సరిగ్గా అదే మాట ఉంది. "ఫోన్ నంబరివ్వమ్మా, చెప్తాను" అన్నాను. తలుపు వేశాను. చాలా మర్యాదగా వేశాను.

మూడు రోజులు ఫోన్ చెయ్యలేదు. నాలుగో రోజు మీనాకి చదివి వినిపించడానికి ఇదంతా రాస్తూ, ఆ ముసలావిడ నల్ల టోపీ పెట్టుకున్న చోటికి వచ్చేసరికి ముందుకి రాయలేకపోయాను. ఫోన్ చేశాను. మోగి మోగి, ఆగిపోయేముందు ఎత్తింది.

"హారికా, నేనమ్మా, టకానిని ఆంటీని."

అటు నుంచి "ఆంటీ, మీరు ఎవరికైనా చెప్పారా?" అంది.

ఆ పిల్ల నాకే భయపడుతోంది. "లేదు తల్లీ. ఎవరికీ చెప్పలేదు. ఎక్కడున్నావ్?" అన్నాను. చెప్పలేదు. రెండోసారి అడిగినా చెప్పలేదు. మూడోసారి నేనేమీ అడగలేదు. నేను పధ్నాలుగేళ్ళప్పుడు ఎలా ఉన్నానో, ఎక్కడున్నానో చెప్పాను. విన్నాక, "టౌరంగా" అంది. మాకు మూడు గంటల దారి. అక్కడ కివీ పళ్ళు ప్యాక్ చేసే షెడ్డు దగ్గర ఎవరిదో ఫ్లాట్, ఏడుగురు ఉంటున్నారట.

మా ఆయన వద్దన్నాడు. తర్వాత తనే కారు తాళాలు తీసి ఇచ్చాడు. దారిలోని కైమై కొండలు వానలో దాటాను. దారంతా నాకు భయమే. ఏమవుతుందో, మా పేరు ఎక్కడెక్కడ పడుతుందో, మీనా ఉద్యోగానికేమైనా వస్తుందా అని. భయం తగ్గాక వెళ్దామని ఆగి ఉంటే ఇంకా ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ ఫ్లాట్ ముందు కారాపి దిగాను. తలుపు కొట్టాను. లోపల అడుగుల చప్పుడు ఆగిపోయింది, ఉన్నవాళ్ళంతా ఉన్నచోటే. కిటికీ తెర అంచు అంగుళం కదిలింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, వెనక ఎవరూ లేరని కనబడేలా పక్కకి జరిగి, వానలో నిలబడ్డాను. ఎంతసేపని చెప్పను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎప్పుడూ తలుపుకి లోపలి వైపే నిలబడి ఉన్నదాన్ని, బయట నిలబడటం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు.

గొలుసు తీసిన చప్పుడైంది.